రెండో ఆపరేషన్ అంటే గుండె దడ: ఏ భయానికి ఏ దారి?

మొదటి కాన్పు ఆపరేషన్ అయ్యి, రెండోది కూడా ఆపరేషనే అని డాక్టర్ చెప్పిన రోజు నుంచి నిద్ర పట్టని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ ఆ బాధ పడ్డదాన్నే. మా పెద్దది పద్నాలుగు గంటల నొప్పుల తర్వాత, అర్ధరాత్రి హడావిడిగా చేసిన ఆపరేషన్‌తో పుట్టింది. రెండు చేతులూ చెరో పక్కకు కట్టేశారు. ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పలేదు. పొట్టలో ఏదో లాగుతున్నట్టు తెలుస్తుంటే మత్తు దిగిపోతోందనుకుని కేకలు పెట్టాను. నాలుగేళ్ళ తర్వాత రెండోసారి ఏడో నెల వచ్చేసరికి ఆ థియేటర్ లైట్లే కలలోకి రావడం మొదలైంది.

అప్పుడు తలా ఒక సలహా ఇచ్చారు. యోగా చెయ్యమన్నారు, కౌన్సెలర్‌ని కలవమన్నారు, డాక్టర్‌ని మార్చమన్నారు, నార్మల్‌కి ప్రయత్నించమన్నారు. మా అమ్మయితే, "రోజూ పొద్దున చాలీసా చదువు బిడ్డా, అన్నీ ఆయనే చూసుకుంటడు" అంది. ఏదీ చెడ్డ సలహా కాదు. కానీ అన్నీ ఒకే భయానికి పనిచేసేవి కావు. నేను నెలన్నర యోగా క్లాసుకు వెళ్ళాను. నడుము నొప్పి తగ్గింది గానీ భయం తగ్గలేదు. లోపం నాలోనే ఉందేమో అనుకున్నాను. తీరా చూస్తే నా భయమల్లా వెన్నుకిచ్చే ఇంజెక్షన్ ఈసారి కూడా సరిగా పనిచేయదేమోనని. అది తగ్గింది మత్తు డాక్టర్‌తో ఇరవై నిమిషాలు కూర్చుని మాట్లాడాకే.

ఈ టెన్షన్ మన ఒక్కరిదే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5. అంటే "రెండోది కూడా ఆపరేషనేనా?" అన్న ప్రశ్న హైదరాబాద్‌లో ప్రతి గల్లీలోనూ ఉంది. "అందరికీ అవుతున్నదేగా, నీకేం కొత్తా?" అని మన భయాన్ని కొట్టిపారేసేదీ ఈ లెక్క చూసే. ఎంతమందికి అయినా, ఆ బల్లమీద పడుకునేది మనమే కదా.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం, అది ఏ భయం అన్నది. ఒక కాగితం తీసుకుని "ఆ రోజు ... అవుతుందేమో" అన్న వాక్యాన్ని ఐదుసార్లు పూర్తి చేయండి. రాశాక చూస్తే ఐదింటిలో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతుంటాయి. నా కాగితంలో మూడు మత్తు గురించి, ఒకటి పెద్దదాని గురించి, ఒకటి కుట్ల గురించి.

రెండోది, ఇంకా ఎన్ని వారాలున్నాయి? ఐదో నెలలో ఉన్నవాళ్ళకు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. 36 వారాలు దాటితే కొన్ని మూసుకుపోతాయి. మూడోది, భయం ఎంత ముదిరింది? అప్పుడప్పుడు కన్నీళ్ళు రావడం వేరు, రెండు వారాలుగా నిద్ర, తిండి, పని అన్నీ చెడిపోవడం వేరు. ఇక డబ్బు, దూరం. ఎనిమిదో నెల పొట్టతో నాగోలు నుంచి రాయదుర్గం దాకా వారం వారం మెట్రోలో వెళ్ళి రావడం కాగితం మీద తేలికే, నాలుగో వారానికి మానేస్తాం.

| ఎక్కువగా తినేస్తున్న భయం | మొదట పట్టాల్సిన దారి | దానికి తోడుగా | ఎప్పటికల్లా |
|---|---|---|---|
| మత్తు ఎక్కదేమో, నొప్పి తెలుస్తుందేమో | మత్తు డాక్టర్‌తో ముందే మాట్లాడటం | ఊపిరి సాధన | 34-36 వారాలు |
| నాకేమైనా అవుతుందేమో | కాన్పుల డాక్టర్‌తో స్కానింగ్ రిపోర్టు, ప్లాన్ | ఆస్పత్రి వసతుల గురించి అడగడం | 32 వారాలు |
| అసలు ఆపరేషన్ అవసరమా? | పాత ఆపరేషన్ నోట్స్, రెండో అభిప్రాయం | నార్మల్‌కి ప్రయత్నంపై చర్చ | 28-30 వారాలు |
| పాత కాన్పు కళ్ళముందు మెదలడం | కౌన్సెలింగ్ | థియేటర్‌లో తోడు | వీలైనంత తొందరగా |
| తర్వాత పెద్దబిడ్డ, ఇల్లు, కుట్లు | ఇంట్లోవాళ్ళతో పనుల పంపకం | రెండు ఆపరేషన్లు అయినవాళ్ళ అనుభవం | 34 వారాలు |

కాన్పుల డాక్టర్‌తో కూర్చుని ప్లాన్ వేసుకోవడం

దీనికి విడిగా ఖర్చు లేదు. అయినా చాలామంది వాడుకోరు. ఓపీలో మన వంతు వచ్చేసరికి బయట ఇరవైమంది ఉంటారు, అడగాలనుకున్నది మర్చిపోయి బయటికొస్తాం. ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి, "ఈసారి నాకు పది నిమిషాలు ఎక్కువ కావాలి డాక్టర్" అని కూర్చోగానే చెప్పండి.

ప్రాణభయం ఉన్నవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న: మాయ (ప్లాసెంటా) ఎక్కడుంది? మాయ కిందికి ఉండి పాత కుట్టు మీద పడితే, అది గర్భసంచి గోడలోకి అతుక్కుపోయే ప్రమాదం ఉంటుంది. ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ ప్రమాదం కూడా పెరుగుతుంది. అలాంటి కేసులో రక్తం, ఐసీయూ, అనుభవమున్న సర్జన్లు ఉన్న చోటే కాన్పు జరగాలి. మాయ పైకి ఉందని స్కానింగ్‌లో తేలితే, పెద్ద గండాల్లో ఒకటి చాలావరకు తప్పినట్టే. ఆ ఒక్క మాట ఎంతమందికి నిద్ర తెచ్చిపెట్టిందో నేను చూశాను.

రెండో ప్రశ్న లోపలి అతుకుల గురించి. మొదటి ఆపరేషన్ తర్వాత పేగులు, మూత్రాశయం, గర్భసంచి ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. అందుకే రెండో ఆపరేషన్ కొంచెం ఎక్కువసేపు పట్టొచ్చు. ఇది ముందే తెలిస్తే, బల్లమీద "ఎందుకింత ఆలస్యమవుతోంది?" అని గాబరాపడం. బిడ్డను మామూలుగా మొదటి కొన్ని నిమిషాల్లోనే బయటికి తీస్తారు. మిగతా టైమంతా కుట్లకే.

లోటు ఏమిటంటే, డాక్టర్ చెప్పే నిజాలు కొందరిలో భయాన్ని పెంచుతాయి. ప్రతి అంకె విని దాని చుట్టూ రాత్రంతా తిరిగే మనిషైతే, భర్తనో అక్కనో లోపలికి తీసుకెళ్ళండి. వాళ్ళు విని రాసుకుంటారు, మీకు కావాల్సినంతే చెబుతారు.

మత్తు డాక్టర్

నా ఉద్దేశంలో ఈ ఊళ్ళో అన్నిటికంటే తక్కువ వాడుకునే దారి ఇదే. ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్‌కి మత్తు డాక్టర్ చెకప్ ఎలాగూ ఉంటుంది. కాకపోతే చాలాసార్లు ముందురోజు సాయంత్రం నాలుగు ప్రశ్నలతో అయిపోతుంది. దాన్ని 34-36 వారాలకే పెట్టించమని అడగండి. పాత అనుభవం ఉన్నదున్నట్టు చెప్పండి.

నాకు మా మత్తు డాక్టరమ్మ చెప్పింది ఇది. వెన్నుకిచ్చే మత్తులో పదునైన నొప్పి పోతుంది. తాకడం, లాగడం, నొక్కడం మాత్రం తెలుస్తాయి. బిడ్డను తీసేటప్పుడు పొట్ట పైభాగం మీద గట్టిగా ఒత్తుతారు, అది కూడా తెలుస్తుంది. బీపీ తగ్గి వికారం రావచ్చు, చెబితే వెంటనే మందిస్తారు. ఒళ్ళు వణకడం మామూలే. నిజంగా నొప్పి అనిపిస్తే చెప్పాలి. ఆపి మత్తు పెంచుతారు, అవసరమైతే పూర్తి మత్తు ఇస్తారు. అంటే మొదటిసారి నాకు తెలిసిన ఆ లాగుడు మత్తు దిగడం కాదు. నాలుగేళ్ళు నేను దాన్ని మోసుకు తిరిగాను.

రెండోసారి థియేటర్‌లో ఆమె స్పిరిట్ అద్దిన దూది నా భుజం మీద పెట్టి, "చల్లగుందా అమ్మా?" అని అడిగింది. చల్లగా ఉంది. తర్వాత పొట్ట మీద పెట్టింది. తాకినట్టు తెలుస్తోంది కానీ చలువ లేదు. కొంచెం పైన, ఇంకొంచెం పైన, పక్కటెముకల దగ్గర. "ఇంకా చల్లగా తెలుస్తుంటే కత్తి పట్టుకోనివ్వను" అంది. ఆ క్షణంలో నా దవడ వదులైంది. దాన్ని అంతసేపు బిగపట్టుకున్నానని అప్పుడే తెలిసింది.

ఇక్కడ చిక్కు ఒకటుంది. మీరు మాట్లాడిన మత్తు డాక్టరే ఆ రోజు డ్యూటీలో ఉంటారన్న గ్యారంటీ లేదు. అందుకే మాట్లాడినదంతా ఫైల్లో రాయించుకోండి.

నార్మల్‌కి ప్రయత్నించడం

కొందరి భయం ఆపరేషన్ గురించి కాదు, "నా చేతిలో ఏదీ లేదు" అన్న దాని గురించి. వాళ్ళు ముందు ఈ తలుపు తట్టి చూడాలి. తెరుచుకోకపోయినా, అడిగి తెలుసుకున్నామన్న నెమ్మది ఉంటుంది.

ఒక్క ఆపరేషనే అయ్యి, గర్భసంచికి కింది భాగంలో అడ్డంగా కోత పెట్టి, ఈసారి వేరే సమస్య లేకపోతే చాలామంది ప్రయత్నించవచ్చు. అలా ప్రయత్నించినవాళ్ళలో నూటికి 70 నుంచి 75 మందికి నార్మల్ అవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్‌లో ఆ ప్రమాదం పది వేల మందిలో ఇద్దరికి మించదు. అరుదే, కానీ జరిగితే నిమిషాల్లో థియేటర్‌కి చేరాలి. అందుకే 24 గంటలూ మత్తు డాక్టర్, థియేటర్, రక్తం ఉన్న ఆస్పత్రిలోనే దీని గురించి ఆలోచించాలి. వీధి చివరి నర్సింగ్ హోమ్‌లో కాదు. రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర కూడా గ్యాప్ లేకపోతే ప్రమాదం పెరుగుతుంది.

పైన కనిపించే మచ్చను చూసి లోపలి కోత ఎటు ఉందో చెప్పలేం. పాత ఆపరేషన్ నోట్స్ కావాలి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, కానీ ఆస్పత్రివాళ్ళు దాన్ని మూడేళ్ళ పాటు దాచితే చాలు. మొదటి కాన్పయి మూడేళ్ళు కాబోతుంటే ఇవాళే వెళ్ళి తెచ్చుకోండి.

నొప్పులతో మొదలై మళ్ళీ హడావిడి ఆపరేషన్‌తో ముగిసే అవకాశం నూటికి పాతిక ముప్ఫై ఉందని మర్చిపోకూడదు. నాకు మొదటిసారి జరిగిందే అది. ఇంకోసారి తట్టుకోలేనని నాకు తెలుసు, అందుకే తేదీ పెట్టుకునే ఆపరేషన్ ఎంచుకున్నాను. మా తోటికోడలు ప్రయత్నించింది, పాపను నార్మల్‌గా కంది. మాలో ఎవరూ తప్పు చేయలేదు.

హైదరాబాద్‌లో మిడ్‌వైఫ్‌ల (కాన్పులు చేయడంలో శిక్షణ పొందినవాళ్ళ) సాయంతో కాన్పులు చేసే సంస్థల్లో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఎక్కడికి వెళ్ళినా నేరుగా అడగండి: "మీ దగ్గర ఆపరేషన్ తర్వాత నార్మల్‌కి ప్రయత్నించేవాళ్ళు ఎంతమంది, అందులో ఎంతమందికి అవుతుంది?" జవాబు దాటేస్తే అదే జవాబు.

కౌన్సెలింగ్, అవసరమైతే మందు

పాత కాన్పు దానంతటదే కళ్ళముందుకు రావడం, ఆస్పత్రి వాసనకే చెమట పట్టడం, ఆ ఆస్పత్రి ఉన్న రోడ్డు తప్పించి వేరే దారిన వెళ్ళడం. ఇవి ఉంటే మిగతా దారులు పక్కన పెట్టి ముందు ఇక్కడికి రండి. ఇది ధైర్యం తక్కువై వచ్చేది కాదు, మందలిస్తే పోయేదీ కాదు.

సైకాలజిస్ట్ చేసేది ఓదార్పు మాటలు చెప్పడం కాదు. ఏ ఆలోచన వచ్చినప్పుడు గుండె దడ మొదలవుతోందో రాయిస్తారు, అది ఎంతవరకు నిజమో మనతోనే పరీక్ష చేయిస్తారు, తప్పించుకుంటున్న దానికి కొంచెం కొంచెంగా దగ్గర చేస్తారు. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు పడుతుంది. అందుకే ఎనిమిదో నెలలో కంటే ఐదో నెలలో మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

ప్రైవేటు ఫీజు భారమైతే టెలి మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత లైన్, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా మాట్లాడాలనుకునేవాళ్ళకు ఇదే సులువు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ ఉంది. ఎర్రగడ్డ అనగానే మనవాళ్ళు ముఖం చిట్లిస్తారు, ఆ మాట పట్టించుకుని మంచి వైద్యం వదులుకోవద్దు.

కాన్పు ముందూ తర్వాతా దిగులు ఎంత ఉందో పట్టడానికి 1987 నుంచి వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది ప్రశ్నలు ఉంటాయి, మీ డాక్టర్ దగ్గరే నింపమని అడగొచ్చు. అందులో చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి "అప్పుడప్పుడు" అన్న జవాబొచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి.

మందుల మాట. దిగులు, ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ లాంటివి గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ సైకియాట్రిస్టులు రాస్తుంటారు. ముందునుంచే వాడుతున్నవాళ్ళు కడుపుతో ఉన్నామని సొంతంగా ఆపేయకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రల జోలికి మాత్రం అసలు వెళ్ళొద్దు, అవి బిడ్డకూ మత్తు ఎక్కిస్తాయి.

క్లాసులు, యోగా, ఊపిరి

నాకు పనిచేయలేదని అందరికీ చేయదని కాదు. భయం మోస్తరుగా ఉండి, రోజంతా ఒళ్ళు బిగుసుకుపోయే వాళ్ళకు ఇది మంచిది. క్లాసుకే వెళ్ళాలని లేదు. నాలుగు లెక్కపెడుతూ గాలి తీసుకోవడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు. దీని విలువ నాకు థియేటర్‌లో తెలిసింది. మత్తు ఛాతీ దాకా వస్తే ఊపిరి ఆడుతున్నా ఆడనట్టు అనిపిస్తుంది. అప్పుడు చేతులు కదపకుండా చేయగలిగేది ఇదొక్కటే.

అనుభవం ఉన్నవాళ్ళ మాటలు

రెండు ఆపరేషన్లు అయిన ఇద్దరితో మాట్లాడండి. పదిమందితో వద్దు. ఆపరేషన్ వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకుందామనుకుంటే, నా అనుభవంలో అది ఎదురు తిరుగుతుంది. మొదటిసారి ఎప్పుడు లేచి నడిచారు, దగ్గు వస్తే ఏం చేశారు, పెద్దబిడ్డను ఎన్నాళ్ళు ఎత్తుకోలేదు అని అడగండి. దగ్గేటప్పుడు దిండు పొట్టకు అదిమిపట్టుకోమని నాకు చెప్పింది మా పక్కింటి ఆంటీ.

ఎవరికి ఏది

పేట్లబురుజు, కోఠి, గాంధీ లాంటి ప్రభుత్వ ఆస్పత్రుల్లో చూపించుకుంటున్నవాళ్ళకు రిస్క్ కేసులు నిత్యం చూసే చేతులు దొరుకుతాయి. తీరిగ్గా మాట్లాడే టైమ్ మాత్రం తక్కువ. డ్యూటీలు మారుతుంటాయి కాబట్టి ఒక పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఫైలు పైన పెట్టండి: పాత ఆపరేషన్ ఎందుకు అయ్యింది, ఏ మందు పడదు, "ఏం చేస్తున్నారో చెబుతూ చేయండి, నాకు భయం". మాటల కొరత టెలి మానస్‌తో పూడ్చుకోండి.

ప్రైవేటులో తేదీ పెట్టుకున్నవాళ్ళు భర్తను థియేటర్‌లోకి రానిస్తారా అని ముందే అడగండి. ఒక్కోచోట ఒక్కో పద్ధతి. రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషైతే తోడు కాస్తా ఇంకో టెన్షన్ అవుతుంది, మా ఆయన్ని అందుకే బయటే ఉండమన్నాను.

డేట్ నెలలోపే ఉందా? అయితే మత్తు డాక్టర్, ఊపిరి సాధన, ఇంటి పనుల పంపకం. ఈ మూడే పట్టుకోండి. ఇప్పుడు డాక్టర్‌ని మార్చడం లాంటివి, నిజంగా నమ్మకం పోతే తప్ప, భయాన్ని పెంచుతాయి.

ముహూర్తం గొడవ మన ఇళ్ళలో విడిగా ఒక టెన్షన్. మా అత్తయ్య 38 వారాలు కూడా నిండని ఒక రోజు మంచి నక్షత్రమని పట్టుబట్టారు. వేరే కారణం లేనప్పుడు 39 వారాలు నిండాక చేస్తేనే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు తక్కువని డాక్టర్ ఆవిడకే నేరుగా చెప్పారు. వరుస మార్చండి చాలు: ముందు డాక్టర్ నాలుగైదు తేదీలు ఇవ్వాలి, పంతులుగారు వాటిలోంచి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో అలాగే కుదిరింది.

ఇంకొక్కటి, తేదీకి ముందే నొప్పులొస్తే ఏం చేయాలో రాసి పెట్టుకోండి. ఉమ్మనీరు పోవడం, రక్తం కనిపించడం, పాత కుట్టు దగ్గర ఆగకుండా నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాలి. నేను ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆస్పత్రి నంబరు, 108, అర్ధరాత్రయినా కారు తీసే పక్కింటి వాళ్ళ నంబరు, పెద్దదాన్ని చూసుకోవడానికి వచ్చే మా చెల్లి నంబరు. వాటి కింద, పెద్దది పాలల్లో బూస్ట్ రెండు చెంచాలు వేస్తేనే తాగుతుందని, పడుకునేటప్పుడు హాల్లో లైటు వేసే ఉంచాలని.